మూడు దినాల కఫం

మొన్న నాగర్‌కర్నూల్‌లో మా మనవరాలు ఫోన్లో చూసి, నిద్ర ఎట్లా పడుతుంది, చర్మం పొడిగా ఉంటుందా అని పది ప్రశ్నలడిగి, నాది వాత ప్రకృతి అని నిమిషంలో తేల్చేసింది. ఈ ఒక్క మాట తేల్చడానికి వనపర్తిలో మా మామగారికి రెండు పొద్దులు పట్టింది; ఆ రెండు పొద్దుల నడుమ నా పెండ్లి అటో ఇటో తేలక ఆగిపోయింది.

అప్పుడు నేను గట్టు ఊరి బడిలో కొత్త పంతులును. చుట్టాల పెండ్లిలో వడ్డించేవాళ్లను వరసగా నిలబెట్టి దులుపుతున్న ఒక అమ్మాయిని చూసి, చేసుకుంటే ఈమెనే అనుకున్నాను. ఆమె తండ్రి ఆయుర్వేద వైద్యుడని, జాతకాలు అడగకుండా పెండ్లికొడుకు నాడి పట్టి చూస్తాడని, అప్పటికే వచ్చిన రెండు సంబంధాలు కుదరలేదని మా మేనమామ కనుక్కొచ్చాడు. పిల్లది పిత్తం, అంటే నిప్పు; ఆమెకు చల్లగా, నింపాదిగా ఉండే కఫం మనిషి కావాలట. నేనేమో కూచున్నా కాలు ఊపేవాణ్ని, ఒక మాట ముగియకముందే ఇంకోటి ఎత్తుకునేవాణ్ని, అచ్చం వాతం, అంటే గాలి. నిప్పు పక్కన గాలిని పెడితే ఇల్లు మిగలదని ఆ పెద్దాయన భయం.

తర్వాతి కథ అందరికీ ఇట్లా చెబుతూ వచ్చాను: నేను ఏనుగులా నడిచి వెళ్లి, ఆచితూచి మాట్లాడితే, ఆయన నా నాడి పట్టి, ఆహా, నాడిది హంసనడక, ఇంత నిండు కఫం పాలమూరు మొత్తంలో లేదని మురిసిపోయి తాంబూలాలకు పురమాయించాడని.

అబద్ధం. మా ఇంటామె ఇది ఎట్లాగూ చదువుతుంది కనుక జరిగిందే చెబుతాను. కఫం పెంచుకోవాలని మూడు దినాలు పూటకు ముంతెడు గడ్డపెరుగు, అరటిపండ్లు, సున్నుండలు తిని, మధ్యాహ్నాలు దుప్పటి కప్పుకొని పడుకున్నాను. పెరిగింది. వనపర్తిలో బస్సు దిగేసరికి ముక్కు కారుతోంది, చెవులు దిమ్మెక్కాయి. ఆయన పరగడుపున నా మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి కండ్లు మూసుకున్నాడో లేదో, ఆయన ధోవతి మీదే తుమ్మాను.

"ఎన్ని దినాల సంది పెరుగు తింటున్నవ్ బిడ్డా?" అన్నాడు కండ్లు తెరవకుండానే.

ఒప్పుకున్నాను. పుట్టుకతో వచ్చింది ప్రకృతి, తిని తెచ్చుకున్నది రోగం, ముందు ఇది తగ్గనీ అని శొంఠి, మిరియాల పొడి పొట్లం కట్టిచ్చి పంపాడు. తలుపు వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

వారం తర్వాత పొడి ముక్కుతో మళ్లీ పోయి చెయ్యి చాపాను. ఆయన చాలాసేపు చూసి, నాడి పాము తీరు ఉరుకుతుంది, ఉత్త గాలి అని నిట్టూర్చాడు. నా పని అయిపోయిందనుకుంటుండగా ఆమె తలుపు వెనకనుంచి బయటికే వచ్చింది.

"గాలి లేకుంటే పొయ్యెట్ల మండుతది నాయినా? నువ్వు మెచ్చిన ఆ చల్లటోళ్లిద్దర్ని చూస్తే నాకు ఆవలింతలొచ్చినయ్. గీయన తుమ్మినకాడికెళ్లి వారం దినాలు నవ్వుతనే ఉన్న."

పెద్దాయన ఇంకో చేత్తో ఆమె నాడి కూడా పట్టుకొని, ఇద్దరి చేతులూ వదలకుండా ఎంతసేపు కూచున్నాడో. చివరికి, "యాళ్లకు తినుండ్రి. కోపం మీదున్నప్పుడు మాత్రం తినకుండ్రి," అన్నాడు. పెండ్లికి ఒప్పుకున్న మాట అదే. ఆ పథ్యం పాటించిన దినాల్లో మా ఇంట్లో అన్నం చల్లారిపోయిన పూటలే ఎక్కువ.

మామగారు పోయి చాలా ఏండ్లయింది. ఇప్పుడు నా మోకాలికి ఒక డాక్టరు, కడుపుకు ఒకరు, నిద్రకు ఇంకొకరు; మంచివాళ్లే, చదువుకున్నవాళ్లే, రక్తం తీసి కాయితం చేతికిస్తారు. కానీ, నా ఈడువాళ్లు కనుక మీతో చెబుతున్నాను, ఒక మనిషి పనులన్నీ పక్కన పెట్టి, నా చెయ్యి పట్టుకొని, నేనెటువంటివాణ్నో తెలుసుకోవడానికి అంతసేపు కూచోవడం ఆ తర్వాత మళ్లీ జరగలేదు.