పెద్దమ్మ నూల్‌కోల్ మడి

గురువారం పొద్దున ఆత్మకూరులో నేను పనిచేసే విత్తనాల కొట్టు షట్టర్ ఎత్తి, నేల ఊడ్చి, వేరుశనగ మూటలు పక్కకు జరుపుతుంటే ఫోన్ మోగింది. తెర మీద 'పెద్దమ్మ' అని పడింది. "ఏంది పెద్దమ్మా, ఇంత పొద్దున్నే?" అన్నాను. అవతల పెదనాయన గొంతు. వాళ్లిద్దరికీ ఒకటే ఫోను. "పాపా, మీ పెద్దమ్మ లెయ్యలేదమ్మా" అన్నాడు. "గట్టిగా పిలువు పెదనాయనా, ఆలస్యంగా పడుకోనుంటాది" అన్నాను. వెనక ఎవరో ఆడమనిషి ఏడుపు వినిపించింది. అప్పటికీ నాకు అర్థం కాలేదు. అర్థమైంది, ఒప్పుకోలేదు. ఆయన మీదే కోపం వచ్చింది. "మొకాన నీళ్లు చల్లు! ఊరికే నిలబడుకోని నాకు ఫోన్ చేస్తే ఏం లాభం?" అని అరిచాను. "చల్లినాను పాపా" అన్నాడు.

ముందురోజు సాయంత్రమే కదా మాట్లాడింది! జ్వరం లేదు, నొప్పి లేదు, కనీసం తుమ్ము లేదు. "శనివారం రా పాపా, నూల్‌కోల్ పీకాల. ఆదివారం కోతపండగ. నువ్వు సాకులు చెప్పినావంటే పీచు పడతాయి, పీచు పడితే మీ పెదనాయన పళ్లకు పనికిరావు, ఆవుకెయ్యాల" అని నన్ను దబాయించింది. సరే సరే అని పెట్టేశాను. గుండె ఆగిపోయిందని తర్వాత డాక్టరు చెప్పాడు. నిద్రలోనే అన్నాడు. అదృష్టవంతురాలు అన్నారు వచ్చినవాళ్లు. నాకు ఆ మాట ఇప్పటికీ ఒళ్లు మండిస్తుంది. ఆమె అదృష్టం సరే, మాదేమని చెప్పుకోవాలి?

ఆమె మా అమ్మకు అక్క. వాళ్లకు పిల్లల్లేరు. ఉదయగిరిలో చర్చి వెనక వీధిలో ఇల్లు. ఇంటి కంటే పెరడు పెద్దది. ఆ రోజు బస్సు దిగి నేను ఇంట్లోకి వెళ్లలేదు. ఎందుకో నేరుగా పెరట్లోకి వెళ్లాను. తీగ మీద ఆమె చీర ఆరేసి ఉంది. మడి పక్కన నీళ్లు పోసే ప్లాస్టిక్ చెంబు బోర్లించి ఉంది. మడిలో నూల్‌కోల్ పిడికిళ్లంత అయి, లేత ఆకుపచ్చగా, ఏమీ జరగనట్టు కూర్చున్నాయి. వాటికి తెలియదు పాపం అనుకున్నాను. నాకు మాత్రం ఏం తెలిసింది?

నూల్‌కోల్ చూడనివాళ్లకు కాస్త చెప్పాలి. ఇది క్యాబేజీ జాతిదే. ఆకులు కూడా అట్లాగే ఉంటాయి. కానీ పొర మీద పొర ముడుచుకోదు. నేలకు కాస్త పైన కాండమే ఉబ్బి బంతిలా తయారవుతుంది. దాని ఒంటి నిండా ఆకుల కాడలు గొడుగు కడ్డీల్లా పొడుచుకొస్తాయి. తోలు మందంగా చెక్కేస్తే లోపల లేత కొబ్బరిలా తెల్లగా ఉంటుంది. పచ్చిది కొరికితే కరకరలాడుతుంది. కాస్త తీపి, కాస్త ముల్లంగి ఘాటు. చలికాలంలో మాత్రమే బాగా వస్తుంది. వేరుశనగ, మిరప, నిమ్మ తెలిసిన మా వైపు దీన్ని అడిగినవాళ్లు లేరు, పండించినవాళ్లు లేరు.

పెద్దమ్మ ఒకసారి చెన్నైలో చుట్టాలింటికి వెళ్లి సాంబారులో దీన్ని తిని వచ్చింది. వచ్చిన మర్నాడే ఫోన్. "చూస్తే రాయి మాదిరి ఉండాది పాపా, నోట్లో పెట్టుకుంటే వెన్న! నీ కొట్లో విత్తనాలు ఉండాయా?" లేవన్నాను. "విత్తనాల కొట్లో విత్తనాలు లేకపోతే ఇంకేం అమ్ముతాండారు, ఇడ్లీలా?" అంది. మా ఓనరేమో దానికి గిరాకీ ఉండదు, తెప్పించను అన్నాడు. చివరికి నెల్లూరు పోయినప్పుడు ఒక చిన్న ప్యాకెట్ తెచ్చిచ్చాను. ఆవగింజల్లాంటి ఆ విత్తనాలను పగిలిన బకెట్‌లో నారు పోసింది. నాలుగైదు ఆకులు రాగానే వంటింటి వెనక మడి కట్టి నాటింది. పేడ ఎరువు, బియ్యం కడిగిన నీళ్లు, పురుగు కనిపిస్తే చేత్తో ఏరడం. అంతే ఆమె సేద్యం. పొద్దున ప్రార్థన ముగించి ఆమె అనే మొదటి మాట "పురుగు పట్టిందేమో చూసొస్తా" అనేదే.

ఇక పెదనాయన చేసిన ఘనకార్యం చెప్పకపోతే ఈ కథ కథ కాదు. ఆయన జీవితమంతా వేరుశనగ వేసినవాడు. ఆయనకు తెలిసి గడ్డైనా కాయైనా మట్టిలో ఊరాలి. బయటపడితే చెడిపోయినట్టే. ఆ మొదటి ఏడాది ఒక ఆదివారం సాయంత్రం పెద్దమ్మ, నేను చర్చిలో స్త్రీల కూటానికి వెళ్లి తిరిగొచ్చేసరికి మడి రూపమే మారిపోయింది. నూల్‌కోల్ ఒక్కటీ కనిపించడం లేదు. వరసగా మట్టి కుప్పలు, వాటి మీద ఆకుల పిలకలు. పెదనాయన పార పక్కన పెట్టుకుని చెమట తుడుచుకుంటున్నాడు.

"ఎవురయ్యా ఈ పని చేసింది?" అంది పెద్దమ్మ.

"నేనే. గడ్డలన్నీ బయటపడి ఉండాయి గదా, ఎండకు మాడిపోవా? మట్టి ఎగదోసినాను" అన్నాడు ఆయన, మెచ్చుకుంటుందేమోనని చూస్తూ.

"ఓరి నా దేవుడా! గొంతుదాకా పూడ్చిపెట్టినావు గదయ్యా! మట్టి కప్పొద్దయ్యా దీనికి! ఇది లోపల దాక్కునేది కాదు, పైన కూసోని ఊరంతా చూసేది!"

బైబిలు సంచీ నా చేతిలో పడేసి, చర్చికి కట్టిన పట్టుచీరతోనే మడిలో కూలబడి రెండు చేతులా మట్టి తియ్యడం మొదలుపెట్టింది. పెదనాయన కాసేపు నోరు తెరుచుకుని చూసి, తనూ వంగాడు. నేను పగలబడి నవ్వుతూ నిలబడ్డాను. "నవ్వుతావేందే, నువ్వూ రా" అని నన్నూ లాగింది. ఆ తడి మట్టి పట్టి తర్వాత కొన్ని కుళ్లిపోయాయి. మిగిలినవి బతికాయి. ఆ తర్వాత వీధిలో ఎవరు కనిపించినా ఆమెకు అదే కబురు: "మా ఆయన నూల్‌కోల్‌కు సమాధులు కట్టినాడమ్మా!" పెదనాయన తువాలు మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయేవాడు. అప్పుడు ఎంత నవ్వామో! ఆ మాట ఇట్లా తిరిగి వచ్చి గుండెలో గుచ్చుకుంటుందని ఎవరికి తెలుసు?

కోతపండగ అంటే మా చర్చిలో తొలిపంట తెచ్చి బల్ల మీద పెడతారు. వడ్లు, గుమ్మడికాయలు, నిమ్మకాయలు, కోడిపుంజు, ఏది ఉంటే అది. ఆరాధన అయ్యాక వేలంపాట. ఆ ఏడాది పెద్దమ్మ అన్నిట్లోకి మంచి నూల్‌కోల్ ఏరి, కడిగి, తళతళలాడించి పెట్టింది. సంఘపెద్ద దాన్ని ఆకులు పట్టుకుని పైకెత్తి "ఇదేందమ్మా ఇది? తినేదా, ఆడుకునేదా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరూ పాడలేదు. పెద్దమ్మ తల వంచుకుని కొంగు మడత సరిచేసుకుంటూ కూర్చుంది. అప్పుడు మగవాళ్ల వైపు వెనక వరస నుంచి పెదనాయన పాట మొదలుపెట్టాడు. పోటీకి ఎవరూ రాలేదు. ఆయనే తన పాట మీద తనే ఇంకాస్త పెంచాడు. చర్చి అంతా మళ్లీ నవ్వింది.

ఇంటికొచ్చాక పెద్దమ్మ విరుచుకుపడింది. "మన పెరట్లోదాన్ని మనమే పాడుకోని మోసుకొచ్చేదేందయ్యా, సిగ్గు లేకుండా!"

"ఎవురూ పాడకపోతే నీ మొకం చిన్నబోతాది గదా" అన్నాడు ఆయన.

ఆమె ఆ పూట దాన్నే ఎండురొయ్యలు వేసి పులుసు పెట్టింది. ఆయన చాలంటున్నా వినకుండా మళ్లీ మళ్లీ వడ్డించింది. మరుసటి ఏటి నుంచి పాటకు పోటీ వచ్చింది, అది వేరే సంగతి.

ఆమె పీకే తీరు చెప్పాలి. బొటనవేలి గోరు తోలులోకి నొక్కేది. మెత్తగా దిగితే పీకేది. దిగకపోతే "చూడు, మన బద్ధకం ఎంత పని చేసిందో" అనేది. ఇంకా పెద్దవి కానిద్దాం పెద్దమ్మా అంటే, "ఆశపడి ఉంచితే పీచే మిగిలేది. పీకే రోజు పీకెయ్యాల" అనేది. మొదటిదాన్ని మాత్రం వంటింట్లోకి తీసుకెళ్లేది కాదు. మడి గట్టు మీదే కూర్చుని తోలు చెక్కి, చక్రంలా కోసి, ఉప్పూకారం అద్ది మొదటి ముక్క పెదనాయన నోటికి అందించేది. ఆయన నమిలి "పీచు లేదు" అంటేనే మిగతావి పీకేది. మూడు కిలోమీటర్ల అవతల చేలో ఉన్నా ఆ పూటకు ఆయన వచ్చి తీరాల్సిందే.

ఇట్లాంటి మనిషి బుధవారం ఉండి గురువారం లేకపోవడమేమిటి? నాకు ఇప్పటికీ అదే ప్రశ్న.

శుక్రవారం మధ్యాహ్నం సమాధి చేశాం. పాస్టరయ్య ప్రార్థన చేశాక ముందు పెదనాయనను పిడికెడు మట్టి వెయ్యమన్నారు. ఆయన వంగి మట్టి తీసుకున్నాడు. లేచి నిలబడ్డాడు. చెయ్యి చాపాడు. పిడికిలి విప్పలేదు. అందరూ ఎదురుచూస్తున్నారు. పాస్టరయ్య మెల్లగా "వెయ్యండి" అన్నారు. పెదనాయన నా వైపు తిరిగి, చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగాడు: "మట్టి కప్పితే ఆమెకు కోపం గదా పాపా?"

అంతవరకూ నాకు ఏడుపు రాలేదు. అప్పుడు వచ్చింది. మట్టి మిగతావాళ్లే వేశారు. ఆయన ఆ పిడికిలి అట్లాగే బిగించుకుని ఇంటిదాకా నడిచొచ్చి, మడి గట్టు దగ్గర చెయ్యి విప్పి దులిపేశాడు.

అసలు భయం ఆ తర్వాత మొదలైంది. ఆయన తినడం మానేశాడు. చుట్టుపక్కల వాళ్లు అన్నం తెచ్చిపెడుతున్నారు. కంచం ముందు కూర్చుంటాడు, లేస్తాడు. "ఆమె తిన్యాక తింటాలే" అంటాడు. మాట పొరపాటున వచ్చిందని కూడా ఆయనకు తెలియదు. షుగర్ మనిషి. బిళ్లలు వేసుకోవాలంటే తినాలి. వీధి చివర డాక్టరు వచ్చి చూసి, నన్ను బయటికి పిలిచి "ఇట్లాగే ఉంటే పడిపోతాడమ్మా, ఎట్టన్నా తినిపించండి" అన్నాడు. ఒక చావుకే నా తల తిరిగిపోయి ఉంది. ఇంకొకటి నా కళ్లముందు జరగబోతోందా అనిపించింది.

శనివారం నేను కొడవలి తీసుకుని మడిలోకి దిగాను. ఆమె చెప్పిన రోజు కదా, పీకి వండితే ఆ కూరైనా తింటాడేమో అనుకున్నాను. "తాకొద్దు!" అని గుమ్మంలోంచి కేక. ఆయన గొంతు అంత పైకి లేవడం నేను ఎప్పుడూ వినలేదు. "ఆమె నాటింది. ఆమె లేకుండా ఎవురూ తాకొద్దు." కొడవలి పెట్టేసి వచ్చేశాను. ఆదివారం కోతపండగ బల్ల మీదికి మా ఇంటి నుంచి ఏదీ పోలేదు. సాయంత్రం వాన పడింది.

సోమవారం పొద్దునకి నాకు ఓపిక చచ్చిపోయింది. గుమ్మంలో కూర్చున్న ఆయన ముందుకెళ్లి నిలబడ్డాను. "పెదనాయనా, శనివారం పీకమని చెప్పింది. ఇవాళ సోమవారం. ఇంకా రెండు రోజులైతే పీచు పడతాయి. ఆవుకెయ్యాల్సిందే. ఆమె కష్టాన్ని ఆవుకేస్తావా? చెప్పు!" అన్నాను. పెద్దమ్మ గొంతే నాలోంచి వచ్చినట్టుంది. ఆయన ఉలిక్కిపడి చూశాడు.

లేచాడు. మడి దగ్గరికి నడిచాడు. వాన చినుకుల దెబ్బకు మట్టి ఎగిరి నూల్‌కోల్ అన్నిటి మీదా పడి ఉంది. ఆయన గొంతుక్కూర్చుని, భుజం మీది తువాలు తీసి, ఒక్కోదాన్నీ తుడవడం మొదలుపెట్టాడు. కాడల సందుల్లో వేలు పెట్టి మరీ తుడిచాడు. నేను ఆపలేదు. మడంతా అయ్యాక, చివరిదాని తోలులో బొటనవేలి గోరు నొక్కాడు.

"దిగింది పాపా" అన్నాడు.

పీకి ఇచ్చాడు. గట్టు మీద కూర్చుని తోలు చెక్కి, చక్రంలా కోసి, ఉప్పూకారం అద్ది ఆయన నోటికి అందించాను. చాలాసేపు నమిలాడు. మింగాడు. తర్వాత వంటింటి తలుపు వైపు తిరిగి, అక్కడ ఎవరూ లేకపోయినా గట్టిగా, వినిపించేలా "పీచు లేదు" అన్నాడు. అని, తువాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఎండురొయ్యల పులుసుతో అన్నం తిన్నాడు. నూల్‌కోల్ అన్నీ పీకి వీధిలో ఇంటింటికీ పంచాం. ఒక్కటి మాత్రం ఉండనీ అన్నాడు. పీచు పడుతుంది పెదనాయనా అంటే, "పడనీలే, దాన్ని తినేదానికి కాదు" అన్నాడు.

మంగళవారం నేను ఆత్మకూరు వచ్చేశాను. గురువారం పొద్దున షట్టర్ ఎత్తుతుంటే ఫోన్ మోగింది. తెర మీద 'పెద్దమ్మ' అని పడింది. తియ్యడానికి భయపడి, చివరికి తీశాను.

"తిన్నాను పాపా, బిళ్ల గూడా ఏసుకున్నాను" అన్నాడు పెదనాయన. "తెల్లార్తో వాన పడింది. ఆ ఒక్కదాని మీద మట్టి పడి ఉండాది. ఇప్పుడే తుడిచొచ్చినాను" అన్నాడు.