చీనా నుంచి బెల్లంపల్లి దాకా

లక్ష్మీరాజం ప్రెస్సులో ఏది అచ్చు వేయించుకోవాలన్నా ముందు చీనా దేశం పోయి రావాల్సిందే. వచ్చినవాణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి, "అసలు అచ్చు ఎట్ల పుట్టిందో ఎరికేనా?" అని మొదలుపెట్టేవాడు. ఎరికే అన్నా వదిలేవాడు కాదు. "గట్లయితె మంచిగాయె. నేను తప్పు చెప్తె దిద్దుండ్రి" అనేవాడు.

ఆ రోజుల్లో నేను బెల్లంపల్లిలో డేరా టాకీసుకు మేనేజర్ని. సినిమా మారినప్పుడల్లా కరపత్రాలు కావాలి. కాబట్టి ఊళ్లో అందరికంటే ఎక్కువసార్లు చీనా చూసినవాణ్ణి నేనే.

పని ఎంత పెద్దదైతే కథ అంత పొడుగు. రసీదు ముక్కయితే చీనావాళ్లు చెక్క మీద అక్షరాలు చెక్కి, సిరా పూసి, కాగితం అద్దడంతో సరిపెట్టేవాడు. లెటర్ ప్యాడయితే జర్మనీ దాకా పోయేది. అక్కడొక కంసాలి సీసం కరిగించి అక్షరాలు విడివిడిగా పోతపోసేవాడు. పెళ్లి కార్డయితే నున్నటి రాతి మీద రాసి తీసే అచ్చు కూడా గడిచాకే, మన కాలితో తొక్కే మిషను దగ్గరికి వచ్చి ఆగేది.

ఒకసారి మంథని నుంచి భూమన్న అనే ఆయన కూతురు పెళ్లి కార్డులకు వచ్చాడు. కథ జర్మనీ చేరేసరికి లేచి నిలబడ్డాడు.

"సేటూ, బస్సు పోతది."

"బస్సు రేపు గూడ వస్తది. ఆ కంసాలి మల్ల పుడ్తడా? కూసో."

భూమన్న ఆ రాత్రి లక్ష్మీరాజం ఇంట్లోనే తిని పడుకుని, పొద్దున బస్సుకు పోయాడు. వడ్డించింది లక్ష్మీరాజం భార్య అనసూర్య. "జర నోరు మూసుకుంటె గిరాకీ పెరుగుతది, నాకు వంట తగ్గుతది" అని ఆమె గొణిగేది.

ఇంతలో బస్టాండు దగ్గర కరెంటు మిషనుతో కొత్త ప్రెస్సు వెలిసింది. గిరాకీ అటు మళ్లసాగింది. నాకు భయమేసి చెప్పాను.

"అన్నా, అక్కడ ఒక్క ముచ్చట గూడ చెప్పరట. పని చేసి ఇచ్చుడేనట."

"పాపం, ఆల్లకు తెల్వది గావచ్చు" అన్నాడు జాలిగా.

ఒక శుక్రవారం పోతే లక్ష్మీరాజం నా చేతిలోని కాగితం తీసుకుని, అచ్చుపని జరిగే తడక వెనక్కి పోయి, తానే అక్షరాలు పేర్చి, తానే మిషను తొక్కి, కరపత్రాల కట్ట నా ఒళ్లో పెట్టాడు. చీనా లేదు, జర్మనీ లేదు. నాకు ఒంట్లో బాగా లేదేమోననిపించింది. నాకు కాదు, ఆయనకు.

"అన్నా, మరి కథ?"

"ఇయ్యాల ఇస్తారి లేడు గదా. చెల్లె ఇంటికి నస్పూర్ పోయిండు."

ఇస్తారి ఆయన దగ్గర అక్షరాలు పేర్చే కంపోజిటరు. అంతకుముందు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. బాయిలో బొగ్గుపెళ్ల విరిగి మీద పడి కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. పని పోతే లక్ష్మీరాజం తెచ్చి ఎడమచేత్తో అక్షరాలు ఏరడం నేర్పించాడు.

"ఆనికి జర టైం పడ్తది" అన్నాడు లక్ష్మీరాజం గొంతు తగ్గించి. "గిరాకోల్లు ఊకుంటరా? తడక మీదికెల్లి తొంగిచూసి, అయిందా, అయిందా అంటరు. ఆని చెయ్యి వణుకుతది, పేర్చిన అక్షరాలన్ని కింద పడ్తయి. గందుకే నేను గీ బల్ల మీద పట్టుకొని కూసోవెడ్త."

కట్ట చంకన పెట్టుకుని బయటికొచ్చాను.

మరుసటి వారానికి ఇస్తారి తిరిగొచ్చాడు. లక్ష్మీరాజం కంసాలి చేత సీసం కరిగిస్తుండగా, సినిమా పేరులో తప్పొకటి దిద్దాలని చెప్పి నేను తడక వెనక్కి పోయాను. చూస్తే కరపత్రం మొత్తం పేర్చి, దారంతో కట్టి, సిద్ధంగా ఉంది. ఇస్తారి స్టూలు మీద కూర్చుని, ఒక్క అక్షరం పట్టుకుని ఇనుప రేకు మీద టక్కు టక్కుమని కొడుతున్నాడు.

"అయిపోయినట్టుంది గదా?" అన్నాను.

"మెల్లగ, సారూ" అన్నాడు. "చెయ్యి తిరిగి రెండేండ్లాయె. సేటు ఇంక జర్మనీలనే ఉన్నడు. గా ముచ్చట చెప్తుంటె ఆయన మొఖం ఎట్లుంటదో సూసిండ్రా? నడుమల ఎట్ల ఆపుత?"

అని మళ్లీ టక్కు టక్కుమనిపించాడు.

బయటి నుంచి లక్ష్మీరాజం పిలిచాడు. "మేనేజర్ సాబ్, ఇస్తారిది అయిందా ఏంది?"

నేను ఇస్తారి వైపు చూశాను. ఇస్తారి నా వైపు చూశాడు.

"ఏడ అన్నా, సగం గూడ కాలే" అంటూ వచ్చి బల్ల మీద కూర్చున్నాను.

"మంచిగాయె" అని లక్ష్మీరాజం కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు.