వేలు పట్టేంత సందు

చర్చిలో శుక్రవారం ప్రార్థన ముగించుకుని క్వార్టర్స్‌కి వచ్చి చెప్పులు విప్పుతుంటే ఘాలా లేబర్ క్యాంపు నుంచి ఫోన్ వచ్చింది. మా ఆసుపత్రి తోట చూసే పెద్దాయన పోయాడని ఆయన రూమ్‌లో ఉండే మనిషి చెప్పాడు. సెలవు రోజు కదా అని పడుకోనిచ్చారట. చాయ్ ఇద్దామని లేపితే లేవలేదట. రెండో చెప్పు విప్పకుండానే గుమ్మంలో కూర్చున్నాను. ఎదురుగా ఆయన నిలబెట్టిన డేలియాలు నిక్షేపంగా ఉన్నాయి.

ఆయనది నిజామాబాద్ వైపు పల్లె, నాది కాకినాడ దగ్గర. మస్కట్‌లో మా పరిచయం తగువుతోనే మొదలైంది. కిందటేడాది చలికాలంలో నా కుండీలో పూసిన మొదటి డేలియా, తల బరువుకి నడుం దగ్గర వంగిపోయింది. పదహారేళ్ళుగా నర్సుని, కట్టు కట్టడం నాకు ఇంకొకరు నేర్పాలా? ప్లాస్టిక్ స్కేలు దన్నుపెట్టి, క్రేప్ బ్యాండేజీ చుట్టి, ఊడకుండా ప్లాస్టరు కూడా వేశాను. మూడు రోజుల్లో పైభాగమంతా వాడిపోయింది. తోటపని కాంట్రాక్టు కంపెనీ బస్సు దిగి వస్తూ పెద్దాయన అది చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు.

“గిది ఇరిగిన చెయ్యి కాదు సిస్టరమ్మా, పెరిగే చెట్టు. కదలనియ్యకపోతే ఎట్ల?”

నాకు ఒళ్ళు మండింది. ఆయన పట్టించుకోకుండా కూర్చుని కట్టు విప్పాడు.

ఈ ఏడాది దుంపలు పెట్టిన రోజే పక్కన ఖర్జూరపు మట్టల ఈనెలు పాతించాడు. మొలకే రాలేదు, ఇప్పుడే ఎందుకన్నాను. తల బరువెక్కాక పొడిస్తే దుంపకే తగులుతుందన్నాడు. మొక్క ఎదిగే కొద్దీ పాత లుంగీ పీలికలతో కట్టేవాడు. కట్టాక కాండానికీ పీలికకీ మధ్య తన చూపుడువేలు దూర్చి చూసేవాడు. పట్టకపోతే విప్పి మళ్ళీ కట్టేవాడు. వార్డులో కట్టు కింద మేమూ వేలు పెట్టి చూస్తాం. మొక్క దగ్గర నాకది తట్టనే లేదు. “ఆసరా ఉండాలె, ఉరి కావద్దు” అనేవాడు. నేనిచ్చిన టీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించేవాడు. వద్దంటే వినేవాడు కాదు.

జనవరిలో ఒకరోజు గోడ పట్టుకుని ఆగిపోయాడు. కాళ్ళు వాచి ఉన్నాయి. కూర్చోబెట్టి బీపీ చూశాను. నమ్మలేక రెండోసారి చూశాను, అంకె తగ్గలేదు. ఇవాళే డాక్టరుకి చూపిద్దామంటే, కంపెనీకి తెలిస్తే వీసా రద్దుచేసి, ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తారని భయపడ్డాడు.

“ఎవ్వలకు చెప్పకు బిడ్డా. ఈ పూలు అయిపోయినంక నేనే పోత. నడిమిట్ల పంపితే, పని శాతగాక ఎల్లగొట్టిన్రంటరు.”

ఏళ్ళ తరబడి ఈ ఎండలో పనిచేసిన మనిషి నన్ను అడిగింది అదొక్కటే. ఒప్పుకున్నాను. ఉప్పు తగ్గించమన్నాను, వచ్చే వారమైనా క్లినిక్‌కి రమ్మన్నాను. సరేనన్నాడు. ఆ పై వారమూ అదే మాట. డాక్టరుతో నేను ఒక్క మాట అంటే సరిపోయేది, అనలేదు. ఆయన పరువు కాపాడుతున్నాననుకున్నాను. అది గౌరవమో, రభస ఎందుకులే అన్న నా పిరికితనమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ప్రార్థనలో కూడా అదే అడుగుతున్నాను. ఆసరా ఉండాలన్న మాట వదిలేసి, ఉరి కావద్దన్న సగమే పట్టుకున్నాను.

కాగితాలన్నీ అయ్యి ఆయన్ని ఉంచిన పెట్టె హైదరాబాదు విమానం ఎక్కిన మర్నాడు కుండీల దగ్గరికి వెళ్ళాను. కాండాలు లావెక్కి పీలికలు బిగుసుకున్నాయి. ఒక్కో ముడీ విప్పి, వదులుగా కట్టి, ఆయనలాగే వేలు దూర్చాను. నా వేలు సన్నం. ఆయన ఉంచే సందు రావడానికి రెండు వేళ్ళు పెట్టాల్సి వచ్చింది. పైన పెద్ద ఎర్రపువ్వు గాలికి నా చేతి మీద వాలి, మళ్ళీ లేస్తూ ఉంది. వేళ్ళు తీయబుద్ధి కాలేదు.