బటన్ల మీద కాగితం అక్షరాలు

మా ఊరి బడిలో కంప్యూటర్లతో పాఠాలు చెప్పే సారు మొన్న పొద్దున పోయినాడు. రాప్తాడులో బస్సు కోసం నిలబడినోడు నిలబడినట్లే కూలిపోయినాడంట. నేను చెనిక్కాయ చేనులో ఉండా. పార ఆడ్నే పడేసి, చొక్కా మార్చుకోని బయలుదేరినా. పోవాల్సింది రాప్తాడుకు. కాళ్లు బడికి పోయినాయి. ఈ నాలుగు మాటలు నేనే కంప్యూటర్లో కొట్టినా. తప్పులుంటే నావి, సారువి కావు.

బడి కమిటీకి నేనే చైర్మన్ని. ఒకరికి అణిగి మాట్లాడే మనిషిని కాదు. కంప్యూటర్లు వచ్చిన ఏడు ఆయుధపూజకు, బోరు మోటారుకు చేసినట్లే వాటికీ పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి ఆ నీళ్లు చల్లినా. సారు వద్దనేలోపలే ఒకటి చచ్చిపోయింది. సారు గుడ్డతో తుడుస్తా, "పోనీలే పెద్దాయనా, మిగిలినవాటికి దిష్టి పోయింది" అన్నాడు. అంతే.

రిపేరు కోసం పై ఆఫీసుకు కాగితం రాసి, చదివి సంతకం పెట్టమన్నాడు. సంతకం నాకు బొమ్మ గీసినట్లు వచ్చు. చదవను రాదు. ఆ సంగతి ఊర్లో ఎవరికీ తెలీదు. కండ్లద్దాలు యాడో మరిచినా అంటి. అవి నా జేబులోంచి తొంగి చూస్తాండాయి. సారు చూసినాడు. కాగితం మడిచి దాచుకున్నాడు.

మరుసటి దినం కబురంపినాడు, ఒకటో తరగతి పిల్లోళ్లు బటన్లు పీకేస్తాండారు, దినాము ఒక గంట కాపలా కూర్చోమని. నాకేం పనిలేదా అని కసిరి, పోయినా.

సారు తెలుగు అక్షరాలు కాగితం మీద రాసి ఒక్కో బటనుకు అంటించినాడు. నొక్కితే ప్రొజెక్టరు వెలుగులో గోడ మీద గుమ్మడికాయంత అక్షరం పడేది, కంప్యూటరు పెట్టె దాన్ని పలికేది. పిల్లోళ్లు అరిచేవాళ్లు. నేను నోట్లోనే అనుకునేవాణ్ని. కరెంటు పోతే అదే అక్షరం బోర్డు మీద రాసేవాడు. "పెట్టె చూపిస్తాది, నేర్చుకోవాల్సింది చెయ్యి" అనేవాడు.

చలికాలం పోయినాక ఒక సాయంత్రం, బటన్లు పని చేస్తాండాయో లేదో చూడమని చెప్పి, తాను కిటికీ వైపు తిరుక్కున్నాడు. నా పేరు కొట్టినా. పెట్టె పలికింది. సారు తిరగకుండానే, "బాగుండాయి" అని ఆ నలిగిన కాగితం నా ముందర పెట్టినాడు.

కూడబలుక్కోని చదివినా. తేమ వల్ల చెడిపోయిందని రాసుండాది. టెంకాయ మాటే లేదు.

"అబద్ధానికి నా సంతకం పడదు సారూ" అంటి.

"అయితే నువ్వే రాయి."

రాసినా. టెంకాయ నీళ్లు నేనే చల్లినానని. నా బతుకులో నేను రాసిన మొదటి మాట అది.

మొన్న బడికి పోతే పిల్లోళ్లు పెట్టె ఆన్ చేసి, ముట్టుకోకుండా కూర్చోనుండారు. ఒక బటను మీద కాగితం అంచు లేచింది. బొటనవేలితో అదిమి పట్టినా. గోడ మీద ఆ అక్షరమే పడతా పోయింది, వరస మీద వరస. వేలు తీయబుద్ధి కాలేదు.