కళ్ళు తెరిచి చేసిన ప్రార్థన

పశువైద్యం ఆఖరి సంవత్సరంలో నన్ను నాలుగు వారాల శిక్షణకు వనపర్తిలోని ఒక పెద్ద డాక్టరు గారి దగ్గరికి పంపారు. చుట్టుపక్కల గుర్రానికి జబ్బు చేస్తే ఆయనకే ఫోన్ వచ్చేది. నాగర్‌కర్నూల్, గద్వాల పెళ్ళి ఊరేగింపుల గుర్రాలు, బల్మూర్ వైపు మందల వెంట సామాను మోసే గాడిదలు, అన్నీ ఆయనవే. ప్రభువు చూపిన చోటు ఇదేనని నేను ఉత్సాహంగా దిగాను.

మా ఇంట్లో ఏ పనికైనా ముందు తల వంచి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేయాల్సిందే. ఆదివారం బడిలో ఎవరైనా ఒక కన్ను తెరిస్తే టీచరమ్మ చెవి మెలిపెట్టేది. తనూ కళ్ళు మూసుకున్న ఆమెకు అదెలా తెలిసేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అదే అలవాటుతో మొదటి రోజు ఒక గుర్రం పక్కన నిలబడి కళ్ళు మూసుకున్నాను. ఆమెన్ అనేలోపే నా చున్నీ సగం దాని నోట్లో ఉంది. డాక్టరు గారు పొట్ట పట్టుకుని నవ్వారు.

"ఏందమ్మా, గుర్రం పక్కన కండ్లు మూస్తరా? దేవుడు దానికి కండ్లు పక్కలకు ఎందుకు పెట్టిండో ఎరికేనా? నీ అసుంటోళ్ళను జూసెతందుకే!"

నా ముఖం చిన్నబోయింది కాబోలు, వెంటనే మెత్తబడ్డారు. "మొక్కొద్దంటలేను బిడ్డా. కండ్లు తెరిసి మొక్కు."

అది మాకు మింగుడుపడే మాట కాదు. రాత్రి గదిలో ప్రయత్నించాను కానీ కళ్ళు తెరిస్తే ప్రార్థన కుదిరేది కాదు, గోడ మీది క్యాలెండరు కనిపించేది.

మూడో వారం గద్వాల నుంచి ఫోన్ వచ్చింది. పెళ్ళిళ్ళకు గుర్రాన్ని పంపే ఒక ముసలాయన. ఉన్నది ఒక్కటే తెల్ల ఆడగుర్రం, దానికి కడుపులో శూల. మేము వెళ్ళేసరికి అది నేల తవ్వుతూ, డొక్క వైపు తిరిగి చూసుకుంటూ, చెమటతో తడిసిపోయి ఉంది. నిన్నటి పెళ్ళిలో ఎవరో ముద్దు చేసి నానబెట్టిన శెనగలు తట్టెడు పెట్టారట. పొద్దుటి నుంచి మేత ముట్టలేదు, లద్ది వేయలేదు.

"సాబ్, పొద్దుమూకితే రాజోలిలో బరాత్ ఉన్నది. అది పోకున్నా ఏం పర్వాలేదు. నా బేటీ బతకాలె," అన్నాడాయన.

డాక్టరు గారు నొప్పికి సూది వేసి, ముక్కులోంచి గొట్టం దించి నూనె పోశారు. నన్ను స్టెతస్కోపుతో డొక్కల మీద నాలుగు చోట్ల వినమన్నారు. పేగులు కదిలితే గుడగుడమనాలి.

"కుడి దిక్కు ఏమన్న ఇనస్తుందా?"

"ఇనస్తలేదు సార్."

ఆ నిశ్శబ్దం నాకు కొత్త. మా సంఘంలో డోలక్ మోగని ప్రార్థన లేదు. మనం పలకడమే, దేవుడు వినడమే అనుకుంటూ పెరిగాను.

"అయితే నడిపించు. పండుకోనియ్యకు, పొర్లితే పేగు మెలిపడ్తది," అన్నారు డాక్టరు గారు.

ఇంటి వెనక ఖాళీ జాగాలో ముసలాయన, నేను వంతులవారీగా నడిపించాం. సాయంత్రపు అసర్ నమాజు వేళయింది. "జర పట్టుకో బిడ్డా, నమాజ్ జేసొస్త," అని ఆయన తాడు నా చేతికిచ్చి, అక్కడే ఒక వారగా చాప పరుచుకున్నాడు.

ఇక మిగిలింది నేను, గుర్రం. కళ్ళు మూస్తే అది కూలబడుతుంది. అందుకే దాని చెవులు చూస్తూ, పక్కటెముకలు చూస్తూ అడిగాను: ప్రభువా, ఈయనకు ఇదొక్కటే ఉంది. మొదటిసారి కళ్ళు తెరిచినా మనసు ఎటూ పోలేదు.

నాలుగో చుట్టులో గుర్రం ఆగింది. తోక లేచింది.

"స్తోత్రం!" అని అరిచేశాను, ఆరాధనలో అరిచినట్టే.

డాక్టరు గారు టీ గ్లాసుతోనే పరుగెత్తుకొచ్చారు. "ఏమైందే?"

"లద్ది సార్! లద్ది!"

ముసలాయన నమాజు పూర్తిచేసుకుని వచ్చి, ఆ కుప్ప ముందు నిలబడి అల్హమ్దులిల్లా అన్నాడు. డాక్టరు గారు మా ఇద్దరినీ ఎగాదిగా చూశారు.

"మీరిద్దరు మంచిగనే ఉన్నరు. నా సూదికి పేరే లేదు!"

"మరి పెండ్లికొడుకు, సాబ్?"

"ట్రాక్టర్ మీద పోతడు. వారం దాకా దీన్ని పంపినవంటే చూడు."

మళ్ళీ విన్నాను. కుడి డొక్కలో దూరపు ఉరుములా గుడగుడ. ముసలాయన తనకూ వినాలని ఉందన్నాడు. స్టెతస్కోపు ఆయన చెవులకు పెట్టాను. వింటూ వింటూ కళ్ళు మూసుకున్నాడు.

"చాచా, కండ్లు తెరువుండ్రి!" అన్నాను.

అప్పటికే ఆయన భుజం మీది రుమాలు గుర్రం నోట్లో ఉంది.

"గుంజుకోకు," అన్నారు డాక్టరు గారు నవ్వుతూ. "ఆకలైతున్నది దానికి."