మరియమ్మ సిస్టర్ అనుమానం

కొత్త రంగుల వాసన, ఫినాయిల్ వాసన ఒక్కసారే ముక్కుకు తగిలితే నేను ఇప్పటికీ అక్కడి నుంచి గబగబా దాటిపోతాను. సిరిసిల్లలో మా వీధి చివర ఇంకో ప్రైవేటు ఆసుపత్రి తెరుస్తున్నారు. మొన్న అటుగా నడుస్తుంటే ఆ వాసన గుప్పున కొట్టింది. వెంటనే మరియమ్మ సిస్టర్ గుర్తుకొచ్చింది. ఆమె ఉంటే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, బయట బాగానే ఉంది, లోపలేముందో అని ఉండేది.

జగిత్యాలలో నేను మొదట చేరిన నర్సింగ్ హోమ్‌లో ఆమె మాకు ఇన్‌చార్జి. మల్లాపూర్ దగ్గరి పల్లెలో, గుంటెడు భూమి లేని కూలీల ఇంట్లో పుట్టింది. ఎవరినీ ఒక పట్టాన నమ్మేది కాదు. యాజమాన్యం మిఠాయి పంచితే మేమంతా గుటుక్కున మింగేవాళ్లం. ఆమె మాత్రం చేతిలో పట్టుకుని, ఇక ఈ నెల సెలవులు లేనట్టే అనేది. పెద్ద డాక్టరుగారు అన్నం తిన్నావా అమ్మా అని పలకరించిన రోజు డబుల్ డ్యూటీ ఖాయమని ఆమె నమ్మకం. మేం నవ్వేవాళ్లం. చాలాసార్లు ఆమె అన్నట్టే జరిగేది, అదే మాకు చిరాకు.

ఆ రోజుల్లో చందుర్తిలో మా నాన్న తాటిచెట్టు మీంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. అప్పుడే కోరుట్లలో కొత్తగా పెట్టిన ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. మంచి జీతం, ఉండటానికి గది, యూనిఫాంలో వస్తే ఆ రోజే చేరవచ్చట. జగిత్యాలలో రాజీనామా ఇచ్చేస్తానని మరియమ్మ సిస్టర్‌కు చెప్పాను.

"ఒక్క దినం లీవు పెట్టి చూసి రా. రాజీనామ ఎటు పోతది?" అంది.

పొద్దున బస్టాండుకు వెళితే తనూ చేతిసంచితో నిలబడి ఉంది. కోరుట్లలో చుట్టాలున్నారట. ఆ చుట్టాలెవరో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఆసుపత్రి తళతళలాడుతోంది. వార్డు నిండా పేషెంట్లు, అందరికీ సెలైన్లు. నన్ను నర్సుల వరుసలో నిలబెట్టి, తనిఖీకి పెద్దవాళ్లు వస్తున్నారని, అడిగితే చాలా కాలంగా ఇక్కడే పనిచేస్తున్నానని చెప్పమన్నారు. ఉద్యోగం దొరికిన సంతోషంలో నాకు అదీ తప్పనిపించలేదు. నా వెనకాలే లోపలికొచ్చిన మరియమ్మ సిస్టర్, మంచం మీదున్న ఒక ముసలమ్మ చేతి ప్లాస్టర్ మెల్లగా లేపి చూసింది. దాని కింద సూది లేదు. ఏమైందవ్వా, జ్వరమా అని అడిగింది.

"జరం లేదు, ఏం లేదు బిడ్డ. కైకిలి వచ్చిన. నాట్లకు వంగుడుకంటె గీడ పండుకునుడే నయముంది. రేపు గూడ పిలుస్తరా?"

మా వైపు రోజుకూలికి పోవడాన్నే కైకిలి అంటారు. మేడిపల్లి నుంచి ఆటోల్లో తీసుకొచ్చారట. మరియమ్మ సిస్టర్ ఆ ప్లాస్టర్‌ను మళ్లీ సరిగ్గా అంటించి, దుప్పటి కప్పి, నన్ను బయటికి పిలిచింది. నాకు ఆమె మీదే కోపమొచ్చింది. పర్మిషన్ కోసం ఇట్లా చేస్తారేమో, తర్వాత ఉద్యోగాలు నిజంగానే ఇస్తారని వాదించాను.

"ఆమె పేషెంటు లెక్క కైకిలి వచ్చింది, నువ్వు నర్సు లెక్క వచ్చినవు. గా సంగతి ఆమెకు ఎరుకే, నీకే ఎరుక లేదు. గంతే ఫరకు."

అయినా మళ్లీ లోపలికి వెళ్లి సాయంత్రం దాకా ఆ వరుసలో నిలబడ్డాను. కబురు చేస్తామని పంపించారు. గేటు బయట ఎండలో ఆమె నాకోసం కూర్చునే ఉంది. బస్సులో ఏడుస్తుంటే ఓదార్చలేదు, కిటికీ పక్క సీటు నాకిచ్చింది. కోరుట్ల నుంచి ఆ కబురు రానేలేదు. మా ఇల్లు జగిత్యాల జీతం మీదే గట్టెక్కింది. ఆమె లేకపోతే అదీ ఉండేది కాదు.

ఇప్పుడు సిరిసిల్లలో ఒక ఆసుపత్రిలో నేనూ ఇన్‌చార్జినే. పోయిన నెల మా మేనేజరు గదిలోకి పిలిచి, తనిఖీ ఉంది, నర్సింగ్ చదివిన పిల్లలను కొంతమందిని చూడండి మేడం అంటూ నంబర్లు ఇచ్చాడు. జీతం, గది అని చెప్పమన్నాడు. అతని ఎదుటే మొదటి నంబరుకు చేశాను. ఆ అమ్మాయి ఒక ప్రైవేటు స్కూలు హాస్టల్లో నర్సుగా చేస్తోందట. రేపే మానేసి వస్తానంది. గొంతులో సంతోషం దాచుకోలేకపోతోంది.

"ఉన్న నౌకరి ఇడువకు బిడ్డా. ఇది ఒక్క దినం కైకిలి" అన్నాను.

మేనేజరు తలెత్తి నా వైపు చూశాడు. నేను రెండో నంబరు నొక్కాను.