లొట్టికి పూసిన సున్నం

మొన్న సిరిసిల్ల బస్టాండులో ఎండకు తాళలేక పులియని తాటిరసం, చల్లని నీరా సీసా ఒకటి కొన్నాను గానీ, మూత తీయగానే మా నాన్న, బాపు, గుర్తొచ్చి తాగకుండానే పక్కన పెట్టేశాను.

తెలంగాణ కోసం ఊరూరా దీక్షా శిబిరాలు వెలిసిన రోజులు మన తరం వాళ్లెవరూ మరిచిపోయి ఉండరు. జగిత్యాలలో ఒక కాలేజీ ప్రయోగశాలలో నాకప్పుడు కొత్త ఉద్యోగం. గోరంత సిలికాన్ చిప్పు మీద ఎంజైము పూత పూసి, పానీయాల సువాసనను పట్టే పరికరం తయారు చేస్తుండేదాన్ని. కల్లుకు వాసన తెచ్చే పదార్థాన్ని ఎంజైము విరగ్గొడితే కాస్త పులుపు పుడుతుంది, దాన్ని చిప్పు పసిగట్టి అంకె చూపిస్తుంది. చక్కెర నీళ్లలో మత్తుమందు కలిపిన దొంగ కల్లుకు ఆ వాసనే ఉండదు కనుక అంకె కదలదు. సరిగ్గా అప్పుడే కోరుట్ల దగ్గరి మా ఊళ్లో బాపు మందుకల్లు అమ్ముతున్నాడని పుకారు పుట్టింది. నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ, ఊరి నోటికి నిప్పుతో పనేముంది! తాటిచెట్లెక్కడం తప్ప మరో పని ఎరగని మనిషిని చెట్ల మీంచి దింపేస్తామన్నారు కల్లుగీత సంఘం పెద్దలు. నా పరికరంతోనే తేల్చుకుందామని పెద్దలను ప్రయోగశాలకు పిలిచి, తాజా కల్లు తెమ్మని బాపుకు కబురు పెట్టాను.

ఆ రోజు బంద్, బస్సుల్లేవు. బాపు కల్లు నింపిన లొట్టి కుండను సైకిలుకు కట్టుకుని, రాస్తారోకోలు దాటుకుంటూ మిట్టమధ్యాహ్నానికి చేరాడు. పెద్దలు మోటారుసైకిళ్ల మీద ముందే వచ్చి కూర్చున్నారు. చిప్పు మీద కల్లు చుక్క వేశాను, అంకె కదల్లేదు. లొట్టిలోకి తొంగి చూస్తే లోపలంతా తెల్లగా సున్నం.

"తాజాగ తెమ్మంటివి గద బిడ్డా, ఎండకు పులుస్తదని రాసిన" అన్నాడు బాపు.

సున్నం పూస్తే కల్లు పులియదు, వాసనా పుట్టదు, చిప్పు మీద పుట్టే ఆ కాస్త పులుపునూ సున్నమే మింగేస్తుంది. ఎంత మొత్తుకున్నా పెద్దల చెవికెక్కలేదు. "బిడ్డ గదా, గట్లనే అంటది. మిషిని అబద్ధమాడుతదా?" అని లేచిపోయారు. మళ్లీ చూద్దామంటే సున్నానికి చిప్పు మీది పూత పాడైపోయింది, కొత్త ఎంజైము హైదరాబాదు నుంచి రావాలి, పార్సిళ్లు నడిస్తే గదా. అది వచ్చేలోగా బాపు చెట్లను వేరేవాళ్లకు పంచేశారు.

ఆయన సిరిసిల్ల వచ్చి మరమగ్గాలు నడిచే సాంచాల షెడ్డులో నూలు మోశాడు. చెట్టు కొసన గాలి పీల్చి బతికిన మనిషి ఆ దుమ్ములో దగ్గి దగ్గి చిక్కిపోయాడు. తెలంగాణ వచ్చిందని ఊరంతా గులాలు చల్లుకున్న నాటికి లేడు. పోయేముందు కూడా నన్నొక్కటే అడిగాడు, సున్నం రాయకుంటే సరిపోవునా బిడ్డా అని.

ఇప్పుడు సున్నం కలిస్తే కలిసిందని చెప్పే చిప్పులొచ్చాయి, ఒకటి నేనే చేశాను. పట్టుకుని మా ఊరెళ్తే బాపు ఎక్కిన తాటిచెట్లన్నీ కొట్టేసి ప్లాట్లు వేశారు. పరీక్షించడానికి ఒక్క చుక్క దొరకలేదు.